ముందు బస్సును పోనివ్వాలి

అటల్ సొరంగం ఉత్తరపు కొసన బయటపడగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగితే సిస్సు, కేలాంగ్ మీదుగా లదాఖ్ వైపు పోయే నున్నటి తారు రోడ్డు. కుడికి తిరిగితే కోక్సర్, గ్రాంఫు, ఆ తర్వాత చంద్రా నది ఒడ్డు పట్టుకుని కుంజుం కనుమ దాకా రాళ్లూ నీళ్లూ కలిసిన దారి. 2020 అక్టోబరు 3న ఈ 9.02 కిలోమీటర్ల సొరంగం ప్రారంభం కాకముందు, మనాలి నుంచి ఇటు రావాలంటే 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్తాంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. ఆ ఎక్కుడే చాలామందిని ఆపేసేది. ఇప్పుడు వేసవి వచ్చిందంటే దేశం నలుమూలల నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు వరసలు కట్టి కుడికి తిరుగుతున్నాయి. వాటిలో తెలుగు రాష్ట్రాల నంబర్లూ ఉంటాయి. పైన గుడారాలు, పక్కన నీళ్ల డబ్బాలు, వెనక టో తాళ్లు కట్టుకుని వచ్చే ఈ బృందాలకు ఇది సాహసం. స్పితి లోయలో బతికేవాళ్లకు మాత్రం ఇది సరుకులు తెచ్చుకునే దారి, బఠానీల బస్తాలు మార్కెట్టుకు పంపుకునే దారి, రోగిని కులూ ఆస్పత్రికి చేర్చే దారి. వెళ్లి వచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఇదే: ఇలాంటి చోట ఒక బృందం గొప్పదనాన్ని ఎంత కష్టమైన రాయి మీదికి బండి ఎక్కించారన్నదాంతో కొలవకూడదు. ఆ దారి మీద బతికేవాళ్లకు ఎంత తక్కువ అడ్డం వచ్చి తిరిగొచ్చారన్నదాంతో కొలవాలి.

గ్రాంఫు దాటాక తారు అక్కడక్కడా అతుకుల్లా కనిపించి, ఆ తర్వాత అదీ ఉండదు. అక్కడి నుంచి బాతల్‌కు సుమారు 50 కిలోమీటర్లు. మైదానంలో గంట పని. ఇక్కడ నాలుగైదు గంటలు. లాహౌల్ లోయలోని ఆలుగడ్డ చేలు, విల్లో చెట్లు వెనకబడిపోతాయి. పచ్చదనం నేలబారు గడ్డి దాకా తగ్గి ఆగిపోతుంది. మన తూర్పు కనుమల్లో కొండ అంటే ముందు కంటికి ఆనేది చెట్టు. మారేడుమిల్లిలోనో అరకులోనో కొండ ఆకారం తెలియాలంటే అడవి ఒప్పుకోవాలి. చంద్రా లోయలో కొండ ఏదీ దాచుకోదు. పొరలు పొరలుగా విరిగిన రాయి, దాని మీద వేలాడే మంచు, కింద హిమానీనదాలు నూరిన రాతిపిండి కలిసి బూడిద రంగులో ఉరికే నది. ఛోటా దరా దాటాక లారీ అంత బండరాళ్ల మధ్య దారి వెతుక్కుంటూ పోవాలి. హిమాచల్‌లో అన్నిటికన్నా పెద్ద హిమానీనదమైన బడా శిగ్రీ ఈ లోయలోకే దిగుతుంది. ఇక్కడ నేలంతా ఇలాంటి మంచు మోసుకొచ్చి పడేసిందే. అందుకే ఈ దారి స్థిరంగా ఉండదు. నిరుడు ఉన్న మలుపు ఈ ఏడు ఉండకపోవచ్చు.

ఇంత దారి మీద వేసవి నెలల్లో హిమాచల్ రోడ్డు రవాణా సంస్థ బస్సు కులూ నుంచి స్పితిలోని కాజాకు నడుస్తుంది. దానికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు, లో రేంజ్ గేర్లు లేవు, నీళ్లలో ఇంజిన్ ఊపిరాడటానికి పైకి లేపిన గొట్టం లేదు. లోపల బడి పిల్లలు, భిక్షువులు, వ్యాపారులు, కూలీలు. ఈ బస్సును గమనిస్తే మన బండ్ల అవసరం మీద ఒక ప్రశ్న పుడుతుంది. బస్సే పోయే దారికి ఇంత సరంజామా ఎందుకు? ప్రశ్న సబబే. నా సమాధానం ఇది: బస్సులో యంత్రబలం తక్కువ, డ్రైవర్ తలలో దారి ఉంది. ఏ రాయికి ఎడమ చక్రం, ఏ మలుపులో ముందే హారన్, ఏ వాగు ఎన్ని గంటలకు పొంగుతుంది అన్నది అతనికి ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన విద్య. కొత్తవాళ్లకు ఆ విద్య లేదు కాబట్టి కొంత యంత్రంతో సర్దుకోవాలి. లో రేంజ్‌లో బండి నడక వేగంతో దిగుతుంది, బ్రేకులు కాలిపోవు. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే రాయి మీద పట్టు పెరుగుతుంది, చక్రం తిరుగుతూ దారిని గోకదు. ఇవన్నీ మంచి సాధనాలే. తమకు లేని అనుభవానికి బదులుగా తెచ్చుకున్న సాధనాన్ని గొప్పదనంగా చూపించుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

వాగుల దగ్గర ఈ తేడా తేటతెల్లమవుతుంది. ఇక్కడ వీటిని నాలా అంటారు. పైనున్న మంచు ఎండకు కరిగి వచ్చే నీళ్లు కాబట్టి తెల్లవారుజామున పలచగా, మధ్యాహ్నం దాటాక ఉధృతంగా పారతాయి. పొద్దున పిల్లలు సైతం దాటే వాగు సాయంత్రానికి చిన్న కారును పక్కకు నెట్టేయగలదు. వాన పడకపోయినా, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా అంతే. నిజానికి ఎండ ఎంత బాగా కాస్తే వాగు అంత ప్రమాదం. మబ్బును చూసి వరదను లెక్కగట్టే మనకు ఇది తలకిందులుగా అనిపించే లెక్క. తెలిసినవాళ్లు ముందు దిగి నీళ్లలో ఒకసారి నడిచి చూస్తారు. అడుగున గుండ్రాళ్లు ఎటు ఉన్నాయో, లోతు ఎక్కడ తగ్గుతుందో చూసుకుంటారు. తర్వాత ఒక్కో బండినీ మొదటి గేరులో, మధ్యలో క్లచ్ తొక్కకుండా, ఒకే వేగంతో దాటిస్తారు. ఒకటి గట్టెక్కేదాకా రెండోది నీళ్లలోకి దిగదు. అవతలి గట్టు మీద ఒకరు నిలబడి చేతులతో దారి చూపుతారు. ఇందులో ఉత్సాహానికి పెద్ద చోటు లేదు. నీళ్లు రెక్కల్లా లేచేలా దూకించిన బండి ఫొటోకు బాగుంటుంది. కానీ ఆ వేగానికి అడుగు రాళ్లు చెదిరి గుంట పడుతుంది. దాని వెనక వచ్చే ఆల్టోలో గర్భిణి ఉండవచ్చు, ఆ గుంట ఆమె దాటాల్సింది.

గుంపుగా వెళ్లడం క్షేమం కదా, ఎంత పెద్ద గుంపైతే అంత మంచిది కదా అనేది తరచూ వినిపించే వాదన. మొదటి సగం పూర్తిగా నిజం. ఫోన్ సిగ్నల్ లేని ఈ లోయలో ఒంటరి బండి ఇరుసు విరిగితే ఎవరో వచ్చేదాకా కూర్చోవాలి. రెండో బండి ఉంటే లాగుతుంది, మూడోది సాయానికి వెళ్తుంది. వాకీటాకీలు ఉంటే ముందు బండి చూసిన రాయి వెనక బండికి ముందే తెలుస్తుంది. రెండో సగం దగ్గరే నాకు అభ్యంతరం. పర్వత రహదారుల మీద రెండు బండ్లకు చోటు చాలనప్పుడు దిగేది ఆగి ఎక్కేదానికి దారి ఇవ్వాలని మన దేశపు రోడ్డు నిబంధనల్లోనే ఉంది. ఇద్దరు డ్రైవర్ల మధ్య ఈ నియమం బాగా పనిచేస్తుంది. ఒక పక్క బస్సు, మరో పక్క ఒకదాని తోక ఒకటి పట్టుకున్న పన్నెండు బండ్లు ఎదురుపడితే? నియమం ఎవరి వైపున్నా, పన్నెండింటిని వెనక్కు నడిపించడం కుదరదు కాబట్టి చివరకు లోయ అంచున వెనక్కి జరిగేది బస్సే. సంఖ్య వచ్చిందంటే మర్యాద బలహీనపడుతుంది, ఎవరూ కావాలని చేయకపోయినా. అందుకని నాలుగైదు బండ్లకు మించితే గుంపును రెండుగా చీల్చి అరగంట తేడాతో పంపాలి. బండికీ బండికీ మధ్య ఎదుటి వాహనం తప్పుకునేంత ఖాళీ వదలాలి. అన్నిటికన్నా నెమ్మదైన బండిని ముందు ఉంచాలి. అలా చేస్తే క్షేమం ఏమీ తగ్గదు, ఒకరికొకరు సాయపడే శక్తి మూడు బండ్లతోనే వచ్చేస్తుంది. పన్నెండుకు పెరిగేది ఊరేగింపు ఒక్కటే.

బాతల్ చేరితే ధాబాల పొగ కనిపిస్తుంది. రాతిగోడలు, పైన టార్పాలిన్, లోపల పరుపులు, మధ్యలో పొయ్యి. రాజ్మా చావల్, పప్పు, రొట్టె, మ్యాగీ, ఎంత అడిగితే అంత వేడి టీ. ఇక్కడివాళ్లు "జూలే" అని పలకరిస్తారు. కలిసినా, విడిపోయినా, కృతజ్ఞత చెప్పాలన్నా అదే మాట. లోపలికి వచ్చినవాణ్ని ముందు పొయ్యి పక్కన కూర్చోమంటారు, ఏం తింటావన్న మాట తర్వాత. అకాలపు మంచులో దారి మూసుకుపోయిన రోజుల్లో ఈ ధాబాలే బాటసారుల ప్రాణాలు నిలిపాయి. ఆ రోజుల్లో డబ్బుల లెక్క చూసినవాళ్లు లేరని ఇక్కడి డ్రైవర్లు చెప్పుకుంటారు. మన బృందాలు వంట సామాను వెంట తెచ్చుకోవడం సహజం. ఆవకాయ లేని అన్నం వారం రోజులు తినడం మనవాళ్లకు కష్టం. కానీ ఈ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు దాదాపు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో బియ్యం పలుకు పోవడానికి చాలాసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ ఉండాలి, లేకపోతే గ్యాస్ చాలా ఖర్చవుతుంది. మధ్యాహ్నం భోజనం ధాబాలో చేయడం అన్ని విధాలా మేలు. ఏడాదిలో నాలుగు నెలలే నడిచే ఆ పొయ్యికి ఆదాయం, మనకు వేడి అన్నం. అంతకన్నా ముఖ్యం, దారి సంగతి అక్కడే తెలుస్తుంది. ఏ వాగు తెగింది, ఏ లారీ ఎక్కడ కూరుకుంది అన్నది ఏ మ్యాప్‌లోనూ ఉండదు.

బాతల్ దాటి కొంచెం పోయాక ఎడమకు చీలే సన్నటి దారి చంద్రతాల్‌కు వెళ్తుంది. సుమారు 4,300 మీటర్ల ఎత్తున, చుట్టూ మట్టిరంగు కొండల మధ్య, పూటపూటకూ రంగు మార్చే నీలం సరస్సు. 2005లో దీన్ని రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఒకప్పుడు ఒడ్డునే గుడారాలు వేసేవారు. ఇప్పుడు అది నిషిద్ధం. క్యాంపులు కొన్ని కిలోమీటర్లు ఇవతలే ఆగిపోవాలి, బండ్లు నీళ్లకు దూరంగా ఆపి మిగిలింది నడవాలి. ఇంత దూరం వచ్చి నీళ్ల పక్కన నిద్రపోనివ్వకపోతే ఎందుకు అని బృందాల్లో గొణుగుడు వినిపిస్తుంది. ఆ కోరికను నేను తప్పుపట్టను. నక్షత్రాలు నీళ్లలో కనిపించే చోట పడుకోవాలని ఎవరికి ఉండదు? కానీ ఈ చలిలో మలమూత్రాలు మట్టిలో కలిసిపోవడానికి చాలా కాలం పడుతుంది. మన ఊళ్లలో ఎండకూ వానకూ పురుగులకూ కొద్ది వారాల్లో పోయేది ఇక్కడ ఏడాది గడిచినా అలాగే ఉంటుంది. కరిగే మంచు దాన్ని నేరుగా సరస్సులోకి దించుతుంది. ఒక్క రాత్రికి ఒక్క బృందం చేసే నష్టం తక్కువే. నాలుగు నెలల పాటు రోజూ వచ్చే బృందాల నష్టం తక్కువ కాదు. నిషేధం మనల్ని దోషులుగా చూసి పెట్టింది కాదు, లెక్క చూసి పెట్టింది. గుడారం వేసిన చోట గొయ్యి తవ్వి కప్పేసి వచ్చామని తృప్తిపడటమూ సరిపోదు. క్యాంపుల్లోని పొడి మరుగుదొడ్లు వాడటం, అవి లేనిచోట సంచుల్లో తిరిగి తెచ్చుకోవడం తప్ప మార్గం లేదు. ఈ మాట చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. అయినా రాయాల్సిందే, ఎందుకంటే యాత్రా రచనలు సరస్సు రంగు గురించి రాసి ఇక్కడ ఆగిపోతాయి.

ఎత్తు గురించిన లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. పొద్దున అక్కడ బయలుదేరి సాయంత్రానికి చంద్రతాల్ క్యాంపులో పడుకుంటే ఒక్క రోజులో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కినట్టు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యం చెబుతుంది. పైన గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో 60 శాతమే. టర్బో లేని ఇంజిన్ బలం కూడా ఇంచుమించు అదే లెక్కన పడిపోతుంది. ఇంజిన్ నీరసిస్తే డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. తన తలనొప్పిని, వాంతిని మాత్రం నిద్రలేమి అనుకుంటాడు. సెలవులు తక్కువ, రోజు పెంచలేం అన్నది ఉద్యోగస్తుల మాట. ఆ ఇబ్బంది నిజమైనదే. అయితే సిస్సులోనో, దారిలోని ఛత్రులోనో ఒక రాత్రి ఆగి, చివర్లో ఒక చోటు చూడటం మానుకోవచ్చు. లేదా కిన్నౌర్ వైపు నుంచి మెల్లగా ఎక్కుతూ వచ్చి ఇటు దిగిపోవచ్చు. 2023 జులైలో అకాలంగా కురిసిన మంచుకు చంద్రతాల్ క్యాంపుల్లో సుమారు 300 మంది చిక్కుకుపోయారు. దారి మీద మంచు తవ్వి వాళ్లను బయటకు తేవడానికి రోజులు పట్టింది. ఆ తవ్విన చేతుల్లో స్పితివాళ్లవీ ఉన్నాయి. మన సాహసానికి హద్దు దాటినప్పుడు అయ్యే ఖర్చు మన జేబులోంచి మాత్రమే పోదు.

కుంజుం కనుమ 4,500 మీటర్లకు పైన. ఇటు పడిన చుక్క చంద్రా నదిలో కలిసి చీనాబ్‌కు పోతుంది, అటు పడినది స్పితి నదిలో కలిసి సట్లెజ్‌కు పోతుంది. కనుమ మీద కుంజుం దేవి గుడి, స్తూపాలు, గాలికి కొట్టుకునే ప్రార్థనా జెండాలు. దారినపోయే లారీలు, బస్సులు, టాక్సీలు అన్నీ గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గానీ ముందుకు పోవు. ఎంత ఆలస్యమైనా, వెనక ఎన్ని బండ్లున్నా ఎవరూ హారన్ కొట్టరు. మన ఘాట్ రోడ్ల మొదట్లో అమ్మవారి గుడి దగ్గర లారీ ఆపి కొబ్బరికాయ కొట్టే డ్రైవరు ఇది చూస్తే ఏమీ అడగకుండానే అర్థం చేసుకుంటాడు. కొండ తమది కాదన్న ఎరుక రెండు చోట్లా ఒక్కటే. ఆ ఎరుక లేనివాళ్లూ ఇదే నది దగ్గరికి వస్తారు. 2023 డిసెంబరులో క్రిస్మస్ రద్దీలో ట్రాఫిక్ తప్పించుకోవడానికి ఒకరు ఎస్‌యూవీని చంద్రా నదిలోకే దించి నడిపారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. లాహౌల్-స్పితి పోలీసులు చలానా వేశారు. నదికి ఏమైంది, నీళ్లు పారుతూనే ఉన్నాయి కదా అని వాదించినవాళ్లూ ఉన్నారు. నది సంగతి అలా ఉంచి గడ్డి మైదానాలను చూద్దాం. ఎండాకాలంలో కాంగ్రా, చంబా వైపు నుంచి గద్దీ కాపర్లు మందలను తోలుకుని నెలల తరబడి నడిచి ఈ లోయలకు వస్తారు. ఇక్కడ గడ్డి పెరిగే కాలం మూడు నాలుగు నెలలే. దారి దిగి ఒక బండి తిరిగిన జాడ చాలా ఏళ్లు కనిపిస్తుంది. దాన్ని చూసి రెండో బండి అదే దారి అనుకుంటుంది. గొర్రెకు గడ్డి పోయే నష్టం ఏ వీడియోలోనూ పడదు.

కుంజుం దాటి స్పితిలోని లోసర్ ఊరికి దిగగానే మళ్లీ పచ్చదనం. బఠానీ చేలు, బార్లీ, వాటికి మంచునీళ్లు మోసుకొచ్చే కాలువలు. ఆ కాలువలను ఊరంతా కలిసి తవ్వుకుంటుంది, ఎవరి వంతు ఎప్పుడన్నది ఊరే తేల్చుకుంటుంది. నీళ్లే వీళ్ల అసలు ఆస్తి. బురద పట్టిన బండిని కడగాలని కాలువ పక్కన ఆపే అతిథి ఎంత డబ్బు ఖర్చుపెట్టినా ఇక్కడ దొంగతనమే చేస్తున్నాడు. మేం వస్తేనే కదా వీళ్లకు ఆదాయం, అందుకు కొంచెం ఓర్చుకోవాలి అన్నది నాకు అన్నిటికన్నా నచ్చని వాదన. పర్యాటకుల డబ్బుతో ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని చదివించుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ 2020లో కరోనా వచ్చినప్పుడు, చెప్పుకోదగ్గ ఆస్పత్రి కాజాలోనే ఉన్న ఈ లోయ ఆ ఏడు పర్యాటకులు వద్దని తానే నిర్ణయించుకుంది. ఆదాయం పోతుందని తెలిసే ఆ నిర్ణయం తీసుకుంది. డబ్బు కోసం ఏదైనా ఓర్చుకుంటారనే ఊహ అక్కడికక్కడే తేలిపోయింది. కిబ్బర్ దగ్గర చిచమ్ ఊరివాళ్లు 2017లో వంతెన వచ్చేదాకా లోతైన గండి మీద తాళ్లకు వేలాడే బుట్టలో దాటేవారు. కష్టానికి వీళ్లకు మన కొలతలు అక్కర్లేదు.

మనదగ్గర ఇలాంటి రాళ్ల దారికి దగ్గరి పోలిక బొర్రా గుహల నుంచి కటికి జలపాతం వైపు వెళ్లే జీపులు. బండరాళ్ల మీద ఎగురుతూ పోయే ఆ జీపులు నడిపేది చుట్టుపక్కల కుర్రాళ్లు. సొంత బండి ఎంత మంచిదైనా అక్కడ వాళ్ల జీపు ఎక్కడమే పద్ధతి. అందువల్ల దారి ఎవరిదో ఎవరూ మరిచిపోరు, కూలీ ఊళ్లోనే మిగులుతుంది. అదే మన్యంలో సొంత బండ్లతో ఎవరికి వారే వెళ్లే కొండల మీద సెలవులు అయ్యాక ప్లాస్టిక్ మిగులుతోంది. రెండుచోట్లా వెళ్లేది ఒకే రకం జనం. తేడా వాళ్లతో ఊరి మనిషి ఉన్నాడా లేదా అన్నదే.

గ్రాంఫు-కాజా దారిని వెడల్పు చేసి తారు వేసే పని నడుస్తోంది. సాహసం పోతుందని బాధపడే బృందాలున్నాయి. మరొకరి బస్సు సుఖంగా నడవడం మన వినోదానికి నష్టం అనుకోవడం నాకు మింగుడుపడదు. కుంజుం మంచుతో మూసుకుపోయే నెలల్లో కిన్నౌర్ వైపు నుంచి చుట్టు తిరిగి తప్ప మనాలికి చేరలేని లోయకు వేసవిలోనైనా మంచి రోడ్డు ఉండాలి. అయితే తారు పడితే సమస్య దానంతటదే తీరుతుందన్న మాటా ఒప్పుకోలేను. రాళ్ల దారి కోసం వచ్చేవాళ్లు తారు పడిన చోట ఆగరు, పక్క లోయల్లోకి తిరుగుతారు. స్పితిలోని పిన్ లోయ అందుకు సిద్ధంగా ఉంది. 1987 నుంచి అది జాతీయ ఉద్యానవనం, మంచు చిరుతలు తిరిగే చోటు. అక్కడ రోడ్డు దిగితే బండ్లు తొక్కి గట్టిపరచిన నేల లేదు. కాబట్టి అటు వెళ్లే బృందాలు ఇప్పటి నుంచే ఒక అలవాటు చేసుకోవాలి. కాజాలోనో లోసర్‌లోనో ఊరి డ్రైవరును మాట్లాడుకుని ముందు బండిలో కూర్చోబెట్టుకోవాలి. అతను దిగవద్దన్న చోట దిగకూడదు, ఈ పూట వాగు దాటలేమంటే ఆ రాత్రి ఇవతలే గుడారం వేసుకోవాలి. నాలుగైదు బండ్ల బృందానికి అతని కూలీ ఒక్కో బండికి పంచుకుంటే ఒక పూట డీజిల్ ఖర్చు కూడా కాదు.